దానం గొంతు, నాంచారయ్య సోడా

మీకొక మాట చెప్పాలి. చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. తల మీద బరువైతే నలుగురూ చూస్తారు, ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు. ఇది లోపలి జేబులో పెట్టుకున్న వస్తువు. ఎవరికీ కనపడదు. పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా నాకు మాత్రం గుచ్చుకుంటుంది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. ఎవరూ అడగలేదు కనక. అదీ అబద్ధమే. ఒకడు అడిగాడు. ఆ సంగతి దగ్గరికే వస్తున్నాను. కాస్త చుట్టుతిరిగి వస్తాను, క్షమించాలి. తిన్నగా నడిచే అలవాటు లేదు.

బి.ఏ. పాసై, ఉద్యోగం రాక, తెనాలి కాఫీ హోటళ్ళలో బల్లలు అరగదీస్తున్న రోజులు. డెబ్బైల మధ్య కాలం. మాకొక పాటల బృందం ఉండేది. పేరు జిగినీ బ్రదర్స్. అందులో ఎవరూ ఎవరికీ అన్నదమ్ములు కారు. జిగినీ మాత్రం నిజం.

పాడేవాడు దేవదానం. మేం దానం అనేవాళ్ళం. రేపల్లె వాడు. తండ్రి లూథరన్ చర్చిలో ఉపదేశి. కీర్తనల మధ్య పెరిగిన గొంతు అది. పైకి వెళ్ళేకొద్దీ అందరి గొంతులూ సన్నబడతాయి, అతనిది వెడల్పయ్యేది. మిషను బంగళాలో ఎవరో దొర వదిలేసి వెళ్ళిన పత్రికలో ఒక ఇంగ్లీషు పాటగాడి బొమ్మ చూశాడట. వెండి కోటు, ఎత్తు మడమల బూట్లు, కళ్ళకు రంగు. ఆ పేజీ తెచ్చి నాకు చూపించాడు.

“ఇందులో గొప్పేంటి? మన దుర్యోధనుడు ఎప్పుడూ వేసుకునేదే కదా” అన్నాను.

నేను వెటకారానికి అన్నాను. అతను సలహా అనుకున్నాడు. మా బృందం అలా పుట్టింది.

తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులకు కొదవేం లేదు. వారం తిరిగేసరికి దానం ఒంటి మీద బెల్‌బాటమ్ ప్యాంటు, భుజాల మీద దుర్యోధనుడి భుజకీర్తులు, మెడలో సత్యభామ హారాలు, కనురెప్పల మీద చెమ్కీ. చెప్పులు కుట్టే ఆయన చేత బూట్లకు చెక్క మడమలు వేయించాడు. వాటి మీద అతను నడిచి వస్తుంటే ఇల్లు మారుతున్న బీరువాలా ఉండేవాడు. నోరు తెరిచి మొదటి ముక్క పాడేదాకా అంతే. ఆ తర్వాత నవ్వినవాళ్ళు నవ్విన సంగతి మర్చిపోయేవారు.

డ్రమ్స్ నాంచారయ్యవి. రేపల్లె దాటాక సముద్రం వైపు పల్లె. వేటకెళ్ళే కుటుంబం. చిన్నప్పుడు పడవ అంచు మీద దరువు వేస్తూ నేర్చుకున్నాడు. జిగినీ చొక్కా తొడుక్కోమంటే నూతన వధువులా సిగ్గుపడిపోయేవాడు. వెనకాల కూచోవచ్చు, ఎవరికీ కనపడవని నచ్చజెప్పి ఒప్పించాం. గిటారుకొకరు, అకార్డియన్‌కొకరు. నేను అనౌన్సర్‌ని. పాటలూ నేనే రాసేవాణ్ణి. నాకు సంగీతం రాదు కనక ఆ రెండు పనులూ నాకిచ్చారు.

మా వైపు సభల తీరు మీకు తెలిసే ఉంటుంది. నాటకంలో పద్యం నచ్చితే జనం “వన్స్‌మోర్” అంటారు. చచ్చి పడున్న పాత్ర కూడా లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. ఎవరూ వింతగా చూడరు. వన్స్‌మోర్ కాదనడమంటే వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోవడమే. మా పాటలకూ అదే మర్యాద. పాడేవాడు కాదనకూడదు. ఆపగలిగిన మనిషి సభ మొత్తానికీ ఒక్కడే, అనౌన్సరు. అతను వచ్చి “కాలాతీతమైనందున” అని మొదలుపెడితే జనం అతన్ని నాలుగు తిట్టి ఊరుకుంటారు. ఆ తిట్లు తినడానికే అనౌన్సర్‌ని పెట్టుకునేది.

దానం గొంతు వినేవాళ్ళకు అనిపించినంత గట్టిది కాదు. లోపల ఏదో గీరుకుంటోందని, కచేరీ అయ్యాక రెండు రోజులు మాట పెగలడం లేదని నాకొక్కడికే చెప్పాడు. ఇంకెవరికీ తెలియకూడదన్నాడు. వన్స్‌మోర్‌కు జడిసే పాటగాడని పేరొస్తే అతనికి తలవంపులు. అందుకని ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. అతను మైకును ఎడమ చేతిలోకి మార్చుకుంటే నేను వెళ్ళి సభను ఆపాలి. అంతే. కొన్నాళ్ళు చక్కగా సాగింది. ఊరూరా తిట్లు తిన్నాను. వాటిలో కొన్ని నేను రాసిన పాటలకంటే బావుండేవి.

ఇక ఆ పాట.

మెల్లంగ పోవే రేపల్లె బండీ,
మల్లెల బుట్ట నా ఒళ్ళో ఉందీ.

దానికి ఇంతకు మించి లోతు లేదు. కానీ పల్లవి ఒకసారి వింటే వారం రోజులు వదిలేది కాదు. చివర రైలు కూత ఉంటుంది. ఊపిరి ఉన్నంతసేపూ, గొంతు వెళ్ళగలిగినంత ఎత్తున, “కూ” అని. అది నా ఊహే. దానం మొదటిసారి పాడి చూసి, “ఇది అన్నం తినేవాడు పాడేది కాదయ్యా, బొగ్గు తినేది పాడాలి” అన్నాడు. అని, పాడాడు.

తెనాలి రిక్షావాళ్ళు బెల్లు కొట్టడం మానేసి ఆ కూత కూశారు. అంగలకుదురులో పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకే కూశాడని విన్నాను. జనం దాన్ని దానం పాట అనేవారు. న్యాయమే. పాడినవాడిదే పాట. నాకేం బాధ లేదు. లేదనే అనుకున్నాను.

బాపట్లలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. డ్రెస్సుల ట్రంకుపెట్టెలతో పాసింజరు ఎక్కాం. చుండూరు దాటేదాకా దానం నోరు విప్పలేదు. పటికబెల్లం, మిరియాలు నములుతూ కూచున్నాడు. దిగబోయే ముందు నా చెవి దగ్గరికి వచ్చి, “ఇవాళ బండి పాట ఒక్కసారే. మహా అయితే రెండు. ఎడమ చెయ్యి చూస్తూ ఉండు” అన్నాడు.

“నా ఎడమా, నీ ఎడమా?” అన్నాను.

నవ్వాడు. నేనేదన్నా నవ్వేవాడు అతను. నా మీద అంత నమ్మకం.

ఆరుబయట వేదిక. ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. ప్రిన్సిపాల్‌గారు మమ్మల్ని పరిచయం చేస్తూ, అంతవరకూ ఎవరూ చెయ్యని పని ఒకటి చేశారు. “రేపల్లె బండి పాట రాసిన కవి ఈయనే” అని నా వైపు చెయ్యి చూపించారు. మైదానం మైదానమంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. అంత చిన్న విషయం. ఎంత చిన్నదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మనిషిని పాడుచెయ్యడానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు.

ఆ పాట వచ్చింది. రెండో చరణానికి కుర్రాళ్ళంతా లేచి అతనితో పాటు పాడుతున్నారు. నేను హోటలు బల్ల మీద కూచుని గీసిన మాటలు అన్ని నోళ్ళలో. కూత అయింది. వన్స్‌మోర్. మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్. అప్పుడు దానం మైకును ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

నేను చూశాను. ఇది ముందే రాసి పెట్టేస్తాను, తర్వాత ధైర్యం చాలకపోవచ్చు. చూశాను. ఎండ నా కళ్ళలో పడలేదు. ఎవరూ అడ్డం రాలేదు. నేను పరధ్యానంలో లేను. నా బతుకులో అంత శ్రద్ధగా ఇంకే క్షణంలోనూ లేను.

వేదిక ఎక్కాను. నేను రావడం చూసి దానం ఒక అడుగు వెనక్కి వేశాడు. భుజాలు దిగాయి. నాకు తెలిసేలా కొంచెం నవ్వాడు కూడా. నేను మైకు అందుకున్నాను. “కాలాతీతమైనందున” అన్న మాట నాలుక చివరే ఉంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరు.

“ఏమండీ బాపట్లవారూ, ఇదేనా అరుపు? తెనాలిలో పసిపిల్లలు ఇంతకంటే గట్టిగా అడుగుతారండీ!”

మైదానం దద్దరిల్లింది. దానం మొహంలో ఆ నవ్వు అలాగే ఉంది. కాకపోతే అంతవరకూ నాకోసం నవ్వినవాడు ఇప్పుడు జనం కోసం నవ్వుతున్నాడు. ఆ తేడా తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

ఎందుకు చేశాను? అసూయా? అసూయైతే చెప్పుకోవడానికి కాస్త పెద్దగా ఉంటుంది. అతని మీద కోపమా? లేశమైనా లేదు; ఆ బృందంలో నేను ఎక్కువ ప్రేమించింది అతన్నే, ఈ మాట ఇప్పుడు రాయడానికి నాకేం అర్హత ఉందో తెలియదు. నా పాట ఇంకొక్కసారి వినాలనిపించింది. అన్ని గొంతుల్లో, ఇంకొక్కసారి. అంతే. ఒక మనిషి గొంతు కంటే నాకు నా రెండు వాక్యాలు ఎక్కువయ్యాయి. అవి గొప్ప వాక్యాలైనా కావు.

వెనకాల కూచున్న నాంచారయ్యకు దానం వీపు తప్ప ఏం కనపడదు. మా ఒప్పందం సంగతి అతనికి తెలియదు. కానీ ఆ వీపు ఎగసిపడటం చూసి ఏదో ఇబ్బంది ఉందని పోల్చుకున్నాడు. జనం అరుస్తున్న సందులో డ్రమ్స్ వదిలి, వేదిక వెనక నుంచి దూకి, గేటు దగ్గర సోడా బండికి పరుగెత్తాడు. ఐసులో పెట్టిన గోళీసోడా తెచ్చి, బొటనవేలితో గోళీ కొట్టి, “తాగండన్నా, తాగండి” అని చేతికిచ్చాడు. అంతమందిలో దానం అవస్థను పట్టించుకున్నవాడు అతనొక్కడు. దానం ఆత్రంగా తాగాడు. పాట అందుకున్నాడు.

కూత సగంలో ఆగిపోయింది. తెగినట్టు కూడా లేదు. దీపం ఆర్పినట్టు. దానం నోరు తెరిచే ఉంది. జనం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

గుంటూరులో గొంతు డాక్టరు దగ్గరికి దానాన్ని తీసుకెళ్ళింది నేనే. ఎప్పటినుంచో లోపల దెబ్బతింటూ వస్తోందని, ఆ రోజు అన్నిసార్లు అలా అరవకుండా ఉంటే నిలిచేదని డాక్టరు అన్నాడు. సోడా సంగతి అడిగాను. “సోడాకీ దీనికీ సంబంధమేంటయ్యా?” అని విసుక్కున్నాడు. ఆ మాట విన్నది మేమిద్దరమే. దానాన్ని గుసగుసగానైనా మాట్లాడొద్దన్నారు. బయట చెప్పాల్సింది ఇక నేనే.

తిరుగు బస్సులో దానం నా కళ్ళకు అడ్డంగా అరచెయ్యి పెట్టి, తీసి, కనుబొమలు ఎగరేశాడు. నీకు కనపడలేదా, అని. కనపడలేదన్నట్టు తల ఊపాను. నా భుజం తట్టి కిటికీ వైపు తిరిగాడు. మా మధ్య ఆ విషయం అంతటితో ముగిసింది. అతని వైపు నుంచి.

తెనాలిలో అప్పటికే తీర్పు అయిపోయింది. వేడెక్కిన గొంతులో ఐసు సోడా పోస్తే ఉంటుందా, అని. అద్దె డ్రెస్సులు తిరిగివ్వడానికి నాంచారయ్యా నేనూ షాపుకెళ్ళాం. షాపాయన కిరీటం తుడుస్తూ, “అంత గొంతు ఎట్లా పోయిందండీ?” అన్నాడు. చుట్టూ నలుగురున్నారు. నాంచారయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. డాక్టరు చెప్పిన ముక్క ఒక్కటి చెబితే సరిపోయేది.

“మా నాంచారయ్య సోడాకి గొంతులు మూసే గుణం ఉందండీ. రెండు కేసులు అసెంబ్లీకి పంపుదామనుకుంటున్నాం” అన్నాను.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాంచారయ్యా నవ్వాడు. నలుగురూ నవ్వుతుంటే నవ్వకుండా ఉండే మనిషి కాడు అతను. నాలుగు రోజులకల్లా సోడా నాంచారయ్య అయ్యాడు. రేపల్లె చేరడానికి ఆ పేరుకు రైలు కూడా అక్కర్లేకపోయింది. మా వైపు ఇంటిపేరు మార్చుకోవాలంటే గెజిట్ ఉంది. మారుపేరుకు ఏ ఆఫీసూ లేదు. అతని పెళ్ళాం సోడా వాళ్ళావిడ. పిల్లలు సోడా వాళ్ళ పిల్లలు. జనం చెడ్డతనంతో అనలేదు. ముద్దుగానే అనేవారు. అందుకే ఆ పేరుకు అంత ఆయుర్దాయం.

బృందం పోయింది. గొంతు లేని జిగినీని ఎవరు పిలుస్తారు? దానానికి తర్వాత ఒక బొంగురు గుసగుస మిగిలింది. రేపల్లె చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఊరంతా పాడుతుంటే అతని పెదాలు మాత్రం కదిలేవి. నాంచారయ్య మళ్ళీ డ్రమ్స్ ముట్టలేదు. తన చెయ్యి మంచిది కాదన్నాడు. వేటకు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ప్రతి శనివారం దానం ఇంటికి చేపలు తెచ్చిచ్చేవాడు. ఏం తీసుకునేవాడు కాదు. వద్దన్నా మానేవాడు కాదు.

నాకు తెనాలిలోనే ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. ఇంకో రెండేళ్ళకు కాబోలు, దానాన్ని చూద్దామని వెళ్ళి రేపల్లె స్టేషన్లో దిగాను. ప్లాట్‌ఫారం మీద చేపల బుట్టతో నాంచారయ్య ఎదురయ్యాడు.

“కవిగారండీ! బాగున్నారాండి?”

“బాగున్నానయ్యా. ఎవరికి ఈ చేపలు?”

“దానం అన్నకండి. శనివారం కదండి.” బుట్ట కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. “మిమ్మల్ని ఒకటి అడగాలండి. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. నవ్వకూడదు మరి.”

“నేను నవ్వనయ్యా, నవ్విస్తాను. అడుగు.”

“నిజంగా నా సోడా వల్లేనంటారాండి?”

ఎండలో నిలబడి ఉన్నాం. అతని మొహం ఎటూ కాకుండా, తెరచాప దించేసిన పడవలా ఉంది. చదువుకున్నవాణ్ణని, డాక్టరు దగ్గరికి వెళ్ళినవాణ్ణని నన్ను అడిగాడు. నేనేం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ లేదంటే, మరి ఎందువల్లండి, అంటాడు. ఆ రెండో ప్రశ్నకే నేను భయపడ్డాను.

“నీ సోడాదేముందయ్యా, పాపం. అదంతా ఆ గోళీ చేసిన పని” అన్నాను.

అతను నవ్వబోయాడు. ఈసారి రాలేదు. చాలా మెల్లగా, “గోళీ కొట్టింది కూడా నేనే కదండి” అన్నాడు.

నేను ఇంకేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. అతనే తేరుకుని, “పండుగప్పలు బావున్నాయండివాళ. రెండు తీసుకెళ్ళండి, అమ్మగారు పులుసు పెడతారు” అని తాటాకులో చుట్టి ఇచ్చాడు. తీసుకున్నాను. ఇంట్లో పులుసు పెట్టారు. తిన్నాను. రుచిగానే ఉంది. చెయ్యకూడని పని చేసినవాడికి అన్నం సయించదంటారు. నాకు సయించింది. మీ దగ్గర దాచడం దేనికి.

ఆ తర్వాత ఎన్నేళ్ళో గడిచాయి. ఈ మధ్యనే దానం పోయాడు. రేపల్లె చర్చిలో ప్రార్థన అయ్యాక, పాత స్నేహితుణ్ణని నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. బీరువాలా నడిచేవాడన్నాను. బొగ్గు తినేది పాడాలన్న మాట చెప్పాను. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. బాగా మాట్లాడానని చేతులు పట్టుకున్నారు. బయటికి వస్తే ప్రహరీ అవతల, రోడ్డు మీద, తువ్వాలు చేతిలో పట్టుకుని నాంచారయ్య నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. లోపలికి రాలేదు.

దానం భార్య నా పక్కనే ఉంది. “ఎంత పిలిచినా రాడండి అన్నయ్యగారూ” అంది. “సోడా వల్ల కాదయ్యా అని ఈయన పోయేదాకా చెబుతూనే ఉన్నారు. మీ మంచితనమండి, అంటాడే గానీ నమ్మడు. మీరైనా చెప్పండి, మీ మాటైతే వింటాడు.”

చెబుతానన్నాను. గేటు దాకా నడిచాను. అతను నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. రైలుకు టైమైందని వచ్చేశాను. రైలుకు ఇంకా చాలా టైముంది.

అందుకని మీకు చెబుతున్నాను. అతని పేరు నేను నలుగురిలో పెట్టాను. చాటుగా చెవిలో వెనక్కి తీసుకుంటే చెల్లదు. నలుగురూ చదివేచోట తీసెయ్యాలి. నా పేరు మాత్రం రాయలేదు. ఆ మేరకు పిరికితనం ఇంకా మిగిలే ఉంది. కానీ జిగినీ బ్రదర్స్‌ని చూసినవాళ్ళకు అనౌన్సరు ఎవరో తెలుసు. మాకు ఇద్దరు అనౌన్సర్లు లేరు.

నాంచారయ్య సోడా వల్ల దానం గొంతు పోలేదు. ఆపాల్సినవాణ్ణి నేనే, ఆపలేదు. ఆపమని దానం అడగడం చూసి, ఇంకా పాడించాను. డాక్టరు చెప్పింది దాచాను. నాంచారయ్య నోరు తెరిచి అడిగినా దాచాను.

ఈ ఐదు వాక్యాలూ అచ్చయ్యాక రేపల్లె పంపిస్తాను. నాంచారయ్యకు చదువు రాదు. మనవరాలు చదువుకుంటోందట, ఆ పిల్ల చదివి వినిపిస్తుంది. విని ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోవచ్చు. ఇక జన్మలో నా మొహం చూడనంటే అది అతని హక్కు, నేను బతిమాలను. మీరు కూడా నన్ను ఏమీ అనక్కర్లేదు, మంచిగానైనా సరే.

రాశాను. ఇప్పుడు నా దగ్గర ఒక అబద్ధం తక్కువుంది.